శాలువా వద్దు, మనిషి తోడు కావాలి

కర్ణాటక మహిళా శిశు అభివృద్ధి, వికలచేతనుల, వృద్ధుల సాధికారత శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఈ ఉత్తరం కన్నడంలో మీ ఆఫీసుకు పంపాను. బెంగళూరులోని రామమూర్తినగర్, కె.ఆర్.పురం చుట్టుపక్కల ఇళ్ళల్లో మంచం పక్కన కూర్చున్న మావాళ్ళు కూడా చదువుతారని తెలుగులోనూ రాస్తున్నాను.

నేను ఐటీఐలో, అంటే ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్‌లో, పనిచేసి రిటైరైనవాణ్ణి. మా ఆవిడకు డిమెన్షియా, అంటే జ్ఞాపకం, ఆలోచన మెల్లగా పోయే జబ్బు. వైద్యం నిమ్హాన్స్‌లో, అంటే ఇక్కడి మెదడు, మానసిక జబ్బుల ప్రభుత్వ ఆసుపత్రిలో. ఆ విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు. అనంతపురం, మదనపల్లెల నుంచి రాత్రి బస్సెక్కి వచ్చి ఓపీ ముందు కూర్చునేవాళ్ళను చూస్తే మేం అదృష్టవంతులమే. నా బాధంతా చీటీ తీసుకుని ఇంటికొచ్చాక మొదలయ్యేదాని గురించి.

ముద్ద నోట్లో పెడితే ఆవిడ బుగ్గన పెట్టుకుని అలాగే ఉండిపోతుంది. మింగాలన్న సంగతే గుర్తుండదు. గొంతు మీద మెల్లగా నిమిరి, “మింగు” అని చెప్పి, ఖాళీ అయిందో లేదో నోరు తెరిపించి చూసి, అప్పుడు రెండో ముద్ద. తొందరపడితే పొలమారుతుంది. అన్నం ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా. ఆవిడ బయటికి వెళ్ళిపోకుండా గేటుకు లోపలి నుంచి తాళం వేసి, తాళంచెవి బియ్యం డబ్బాలో దాస్తాను. క్షవరం చేయించుకోవాలన్నా పక్కింటి అమ్మాయికి సెలవు ఉండాలి.

కిందటి అక్టోబరు 1న వృద్ధుల దినోత్సవానికి మా కాలనీవాళ్ళు నాకు శాలువా కప్పుతామన్నారు. వెళ్ళలేకపోయాను. ఆవిడ దగ్గర కూర్చునేవాళ్ళు దొరకలేదు!

నాలాంటి మగవాళ్ళు ఎందరున్నారో గానీ, ఈ చాకిరీ ఎక్కువగా ఆడవాళ్ళదే. 2019 జాతీయ సమయ వినియోగ సర్వేలో, ఇంట్లోవాళ్ళ సంరక్షణ చేసే ఆడవాళ్ళు రోజుకు 134 నిమిషాలు, మగవాళ్ళు 76 నిమిషాలు దానికి పెడుతున్నారని తేలింది. రాత్రంతా ఒక చెవి తెరుచుకుని పడుకోవడాన్ని ఏ గడిలో రాసుకుంటారో మరి.

చట్టం మమ్మల్ని మరిచిపోలేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం జీతం లేకుండా చూసుకునే కుటుంబ సభ్యులను కూడా సంరక్షకులనే అంటుంది. ఎక్కువ ఆసరా అవసరమైనవాళ్ళ విషయంలో సంరక్షకుల భత్యం గురించీ చెబుతుంది. మీ ప్రభుత్వమూ 2024-25 బడ్జెట్‌లో సెరిబ్రల్ పాల్సీ, మస్క్యులర్ డిస్ట్రోఫీ, పార్కిన్సన్స్, మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉన్నవాళ్ళ సంరక్షకులకు నెలకు 1000 రూపాయలు ప్రకటించింది. సంతోషం. కానీ ఆ నాలుగింటిలో డిమెన్షియా లేదు. పక్షవాతంతో మంచాన పడ్డ మనిషీ లేడు. కేంద్ర చట్టంలోని 21 వైకల్యాల్లోనూ డిమెన్షియా విడిగా కనబడదు. కేరళ ఆశ్వాసకిరణం పథకంలో మంచాన పడ్డవాళ్ళను చూసుకునేవాళ్ళకు నెలకు 600 ఇస్తారు. మొత్తం చిన్నదే, కానీ అక్కడ మంచాన పడ్డ స్థితి లెక్కలోకి వస్తుంది. మీరూ జబ్బు పేరు పక్కన పెట్టి, మనిషి తన పని తాను చేసుకోగలడా లేదా అన్నది చూడండి.

డబ్బు కన్నా నాకు ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. మా ఆవిడ పేరున, ఇంటి ఇల్లాళ్ళకు మీ ప్రభుత్వం నెలనెలా ఇచ్చే గృహలక్ష్మి 2000 వస్తోంది, కాదనను. అది డైపర్లకే చాలదు. ఏజెన్సీ నుంచి అటెండర్‌ను పెట్టుకుందామంటే నాకొచ్చే వడ్డీ డబ్బులు సరిపోవు. అంగన్‌వాడీలు నడిపేది మీ శాఖే కదా, పసిపిల్లలను కాసేపు అప్పగించడానికి వీధిలో ఒక చోటు ఉంది. ముసలివాళ్ళను అప్పగించడానికి? కస్తూరినగర్‌లో డిమెన్షియా వాళ్ళకోసం నైటింగేల్స్ ట్రస్టు కేంద్రం ఉంది. కానీ ఇంత నగరానికి ట్రస్టులే దిక్కా? వార్డుకొక డే కేర్ గది ఇవ్వండి. కదల్లేనివాళ్ళ ఇంటికి వారానికి రెండు పూటలు శిక్షణ పొందిన మనిషిని పంపండి. ముద్ద ఎలా పెట్టాలో, మంచాన ఉన్నవాళ్ళను పుండ్లు పడకుండా ఎలా తిప్పి పడుకోబెట్టాలో నేర్పి, ఆ మనిషికి సరైన జీతం ఇవ్వండి. సేవ పేరు చెప్పి ఇంకో ఆడమనిషి చేత ఊరికే చేయించవద్దు.

మొదట ఒకచోట పెట్టి చూద్దామనుకుంటే కె.ఆర్.పురంలోనే మొదలుపెట్టండి. గది వెతికిపెట్టే పని మా ఐటీఐ రిటైర్డ్ ఉద్యోగులం చూసుకుంటాం. మీ అధికారి ఎవరైనా మాట్లాడాలంటే మధ్యాహ్నం మూడు తర్వాత ఇంటికి రమ్మనండి, అప్పటికి ఆవిడ భోజనం అయిపోతుంది.

ఇట్లు,
రామమూర్తినగర్ నుంచి ఒక ఐటీఐ రిటైర్డ్ ఉద్యోగి