మోకీలు మార్చారు సరే, ఆ తర్వాత ఎలా ఉందో ఎవరు చూస్తున్నారు?

రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. 2017 ఆగస్టులో కేంద్రం కృత్రిమ మోకీళ్ల ధరలకు కళ్లెం వేసింది. సంతోషమే. కానీ ధర తగ్గినంత మాత్రాన మనిషి నడిచినట్టు కాదు కదండీ.

మా పెద్దమ్మ డిశ్చార్జి కాగితంలో ‘కుడి మోకాలు, టీకేఆర్’ (అంటే మోకీలు పూర్తి మార్పిడి) అని ఒక్క ముక్క రాసిచ్చారు. లోపల పెట్టింది ఏ కంపెనీదో, ఏ విడత తయారీయో చెప్పే లాట్ నంబరు ఏదో లేదు. ఇంప్లాంట్ (కృత్రిమ కీలు) డబ్బాతో పాటు ఆ వివరాలున్న స్టిక్కర్లు వస్తాయి. ఒకటి కేసు షీట్‌కు అంటిస్తే, ఇంకొకటి రోగి చేతికివ్వడానికి ఏం అడ్డం?

ఇది చాదస్తం కాదు. స్వీడన్ 1975 నుంచే మోకీలు మార్పిడి ఆపరేషన్లను నమోదు చేస్తోంది. డీప్యూ కంపెనీ ఏఎస్ఆర్ రకం కృత్రిమ తుంటి కీళ్లు త్వరగా పాడవుతున్నాయని ఇలాంటి రిజిస్ట్రీలే పసిగట్టాయి. 2010లో కంపెనీ వాటిని ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. అలాంటప్పుడు లాట్ నంబరు లేని రోగిని ఎక్కడని వెతుకుతారు?

ప్రభుత్వ పథకాల డబ్బుతో చేసే ప్రతి మార్పిడికీ వివరాల నమోదు తప్పనిసరి చేయండి. ఆపరేషన్ అయిన ఏడాదికి ఫోన్ చేసి అడిగించండి: మోకాలు ఎంత వంగుతోంది, మెట్లెక్కగలుగుతున్నారా, చీము పట్టిందా, మళ్లీ కోయాల్సి వచ్చిందా? ఫిజియోథెరపీ ఖర్చు కూడా ప్యాకేజీలోనే ఉండాలి. ఆసుపత్రులవారీగా ఆ ఫలితాలు జనానికి కనబడేలా పెట్టించండి.

ఇట్లు,
ఒక రోగి బంధువు