రన్ పెట్టె నేర్పండి, అందులో ఏది అతికించకూడదో కూడా చెప్పండి

సంపాదకులకు,

ధాన్యం కొనుగోళ్ల రోజుల్లో రైతు సేవా కేంద్రంలో ప్రింటర్ మొరాయిస్తే ట్రక్‌షీట్ రాదు, లారీ కదలదు. గ్రామ సచివాలయంలో వేలిముద్ర యంత్రం పలకకపోతే వచ్చినవాళ్లంతా వరుసలోనే ఉండిపోతారు. ఇలాంటివాటిలో చాలావరకు చిన్న చిక్కులే. సరిచేసే తెర ఎక్కడుందో తెలియక అమలాపురానికో భీమవరానికో ఫోన్ చేసి, సర్వీసు మనిషి వచ్చేదాకా కూర్చోవాల్సి వస్తోంది. గోదావరి డెల్టాలో డీసీఏ, పీజీడీసీఏ వంటి కంప్యూటర్ కోర్సులు నేర్పే కేంద్రాలకూ, ఉద్యోగులకు శిక్షణ ఇచ్చేవారికీ మా విన్నపం ఒక్కటే: రన్ పెట్టె వాడకాన్ని మొదటి వారంలోనే నేర్పండి.

విండోస్ కీ పట్టుకుని ఆర్ నొక్కితే తెర ఎడమ కింది మూలలో ‘రన్’ అనే చిన్న పెట్టె వస్తుంది. అందులో పేరు కొట్టి ఎంటర్ నొక్కితే విండోస్ ఆ పేరున్న ఫైలును సిస్టం32 ఫోల్డరులోనూ, తన జాబితాలో ఉన్న మరికొన్ని చోట్లా వెతికి తెరుస్తుంది. పేరు చివర చుక్క తర్వాత సీపీఎల్ అనే తోక ఉన్నవి కంట్రోల్ ప్యానెల్ భాగాలు, ఎంఎస్‌సీ తోక ఉన్నవి యంత్రాన్ని నిర్వహించే పరికరాలు. మెనూలు వెర్షన్ మారినప్పుడల్లా చోటు మారతాయి. ఈ పేర్లు మాత్రం చాలావరకు నిలిచి ఉన్నాయి. పాత విండోస్ ఎక్స్‌పీలో నెట్‌వర్క్ కనెక్షన్లు తెరిచిన మాటే విండోస్ 11లోనూ తెరుస్తుంది. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసి, ఆఫీసులు ఒక్కొక్కటిగా 11కి మారుతున్నాయి. ‘ఇక్కడ నొక్కు, అక్కడ నొక్కు’ అని బట్టీ పట్టించిన పాఠం ఈ మార్పుకు నిలబడదు.

కింద మాటలను పలికే తీరులో రాస్తున్నాం. పెట్టెలో ఇంగ్లిష్ అక్షరాలే కొట్టాలి, డాట్ అన్నచోట చుక్క పెట్టాలి. ఖాళీ అని మేం చెప్పిన చోట తప్ప మధ్యలో ఖాళీ ఉండకూడదు.

మన దగ్గర ఎక్కువమంది తడబడేది ఇక్కడే. అర్జీ తెలుగులో టైపు చేసి, కీబోర్డు తెలుగులోనే ఉండగా రన్ తెరుస్తారు. పెట్టెలో తెలుగు అక్షరాలు పడతాయి, విండోస్ ఆ పేరు దొరకలేదంటుంది. విండోస్ కీతో స్పేస్ నొక్కి ఇంగ్లిష్‌కు మార్చుకుంటే చాలు. అయినా దొరకలేదంటే చుక్క బదులు కామా పడిందేమో చూడండి. కొన్ని పరికరాలు విండోస్ హోమ్ ఎడిషన్‌లో అసలు ఉండవు. యంత్రం వాడకానికి నియమాలు పెట్టే గ్రూప్ పాలసీని తెరిచే జీపీఎడిట్ అలాంటిదే. యంత్రంలో ఏ వెర్షన్, ఏ ఎడిషన్ ఉన్నాయో ‘విన్‌వెర్’ (డబ్ల్యు-ఐ-ఎన్-వి-ఇ-ఆర్) అని కొడితే తెలుస్తుంది.

ప్రింటర్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ పని ఆగేది దాని దగ్గరే. ప్రింట్ల వరుసలో మొదటి పని ఫైలు చెడిపోతే వెనకున్నవన్నీ ఆగుతాయి. రద్దు చేసినా ‘డిలీటింగ్’ అని అలాగే ఉండిపోతుంది. ప్రింటర్‌ను ఆపి మళ్లీ వేసినా ఫలితం ఉండదు, ఎందుకంటే ఆ ఫైలు ఉన్నది కంప్యూటర్‌లో. రన్‌లో ‘సర్వీసెస్ డాట్ ఎంఎస్‌సీ’ కొట్టండి. జాబితాలో పి, ఆర్, ఐ అక్షరాలు వెంటవెంటనే నొక్కితే, ప్రింట్లను వరుసలో పెట్టి పంపే ప్రింట్ స్పూలర్ దగ్గరికి పోతుంది. దాన్ని స్టాప్ చేయండి. తర్వాత సి డ్రైవ్‌లో విండోస్, అందులో సిస్టం32, అందులో స్పూల్, అందులో ప్రింటర్స్ ఫోల్డరు తెరవండి. అనుమతి అడిగితే కంటిన్యూ నొక్కండి. లోపలి ఫైళ్లు మాత్రమే తీసేయండి, ఫోల్డరును ముట్టుకోవద్దు. స్పూలర్‌ను మళ్లీ స్టార్ట్ చేసి కొత్తగా ప్రింట్ ఇవ్వండి. స్పూలర్‌ను ఆపకుండా తీయబోతే ఫైలు వాడుకలో ఉందని చెప్పి తీయనివ్వదు. స్టాప్ అన్న మాట మసకగా ఉంటే మీ ఖాతాకు ఆ అధికారం లేదన్నమాట. రన్‌లో పేరు కొట్టాక ఉత్త ఎంటర్ బదులు కంట్రోల్, షిఫ్ట్ పట్టుకుని ఎంటర్ నొక్కితే అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది.

వరుస ఖాళీగా ఉన్నా కాగితం రాకపోతే ‘కంట్రోల్’, ఒక ఖాళీ, ‘ప్రింటర్స్’ అని కొట్టండి. యూఎస్‌బీ తీగను వేరే రంధ్రంలో పెడితే విండోస్ దాన్ని కొత్త ప్రింటర్ అనుకుని పేరు చివర ‘కాపీ 1’ చేరుస్తుంది. డిఫాల్ట్ పాతదే కావడంతో ప్రింట్లన్నీ అక్కడ లేని యంత్రానికి పోతుంటాయి. కొత్తదాన్ని డిఫాల్ట్ చేయండి, లేదా తీగను పాత రంధ్రంలోకే మార్చండి.

కరెంటు పోయి వచ్చాక నెట్ రాకపోవడం మరో బెడద. రూటర్ కన్నా కంప్యూటర్ ముందే లేచి, ఐపీ అడ్రసు (నెట్‌వర్క్‌లో యంత్రాన్ని గుర్తించే నంబరు) దొరక్క తనంతట తానే ఒకటి పెట్టుకుంటుంది. రన్‌లో ‘సీఎండీ’ కొట్టి, వచ్చిన నల్ల తెరలో ‘ఐపీకాన్ఫిగ్’ (ఐ-పి-సి-ఓ-ఎన్-ఎఫ్-ఐ-జి) అని కొట్టి చూడండి. అడ్రసు 169.254తో మొదలైతే రూటర్ నుంచి ఏదీ అందలేదని అర్థం. రూటర్ దీపాలు నిలకడగా వెలిగాక ‘ఐపీకాన్ఫిగ్’, ఒక ఖాళీ, ముందుకు వాలిన గీత, ‘రెన్యూ’ కొడితే కొత్త అడ్రసు వస్తుంది. రాకపోతే తీగ చూడండి. తర్వాత రన్‌లో ‘ఎన్-సి-పి-ఎ డాట్ సి-పి-ఎల్’ కొడితే నెట్‌వర్క్ కనెక్షన్లు తెరుచుకుంటాయి. అక్కడ నెట్‌వర్క్ కార్డు బూడిద రంగులో డిసేబుల్డ్ అని ఉంటే కుడి నొక్కు మెనూలో ఎనేబుల్ చేయండి. ఐపీ నంబర్లు చేత్తో పెట్టి ఉంటే మార్చేముందు కాగితం మీద రాసుకోండి. కొన్ని ఆఫీసుల్లో అవి కావాలనే పెడతారు, పోతే ఆఫీసు నెట్‌వర్కే అందదు.

వేలిముద్ర యంత్రం పలకకపోతే ‘డి-ఇ-వి-ఎం-జి-ఎం-టి డాట్ ఎం-ఎస్-సి’ తెరవండి. యంత్రం పేరు పక్కన పసుపు గుర్తు ఉంటే సాధారణంగా డ్రైవర్ (యంత్రాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) సమస్య. జాబితాలో యంత్రమే లేకపోతే తీగో, రంధ్రమో. కాసేపు పనిచేసి ఆగుతుంటే యూఎస్‌బీ రూట్ హబ్ ప్రాపర్టీస్‌లో పవర్ మేనేజ్‌మెంట్ కింద, కరెంటు ఆదాకు పరికరాన్ని ఆపేందుకు వీలిచ్చే టిక్కు తీసేయండి. అన్నీ బాగున్నా పలకకపోతే సర్వీసెస్‌లో ఆ కంపెనీ ఆర్‌డీ సర్వీసు (ఆధార్ ధ్రువీకరణకు వేలిముద్ర తీసుకునే సాఫ్ట్‌వేర్) రన్నింగ్‌లో ఉందో లేదో చూడండి.

ఏ వెబ్‌సైటు తెరిచినా భద్రత హెచ్చరిక వస్తుంటే ముందు తేదీ చూడండి. ‘టైమ్‌డేట్ డాట్ సీపీఎల్’తో సరిచేయవచ్చు. ప్లగ్గు తీసి పెట్టిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంటే మదర్‌బోర్డు మీది గుండీ సెల్లు అయిపోయింది. డెస్క్‌టాపుల్లో సాధారణంగా ఉండేది 3 వోల్టుల సీఆర్2032.

తెర మీద టాస్క్‌బార్, ఐకాన్లు మాయమైతే రన్ కూడా రాకపోవచ్చు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెచ్చి, రన్ న్యూ టాస్క్‌లో ‘ఎక్స్‌ప్లోరర్’ అని కొడితే తిరిగి వస్తాయి. మౌస్ పోయినప్పుడు షిఫ్ట్‌తో ఎఫ్10 కుడి నొక్కు పని చేస్తుంది.

ఇక హెచ్చరిక. దీన్ని పాఠంలో భాగంగా కాకుండా వదిలేస్తే మొత్తం నేర్పకపోవడమే మేలు. కొన్ని మోసపు వెబ్‌పేజీలు ‘నేను రోబోను కాను’ అని నిరూపించుకోమంటూ విండోస్ కీతో ఆర్, తర్వాత కంట్రోల్‌తో వి, ఆపై ఎంటర్ నొక్కమంటున్నాయి. పేజీ మీద మీరు నొక్కిన క్షణంలోనే ఒక పొడవాటి ఆదేశం మీకు తెలియకుండా క్లిప్‌బోర్డులోకి (కాపీ చేసినవి ఉండే చోటుకు) చేరి ఉంటుంది. పెట్టె చిన్నది కనుక దాని చివర మాత్రమే కనబడుతుంది, అక్కడ ధ్రువీకరణ నంబరులాంటిది రాసి పెడతారు. హోమ్ కీ నొక్కి మొదటికి వెళ్తే ఆదేశాలు నడిపే ప్రోగ్రాముల పేర్లు, పవర్‌షెల్ అనో ఎంఎస్‌హెచ్‌టీఏ అనో కనిపించవచ్చు. ఎస్కేప్ నొక్కి బయటపడండి. నిజమైన ఏ ధ్రువీకరణా రన్ పెట్టె తెరవమని అడగదు. ఫోన్ చేసి ఈవెంట్ వ్యూయర్ (యంత్రంలో జరిగినవాటి చిట్టా) తెరిపించి, ఎర్ర గుర్తులు చూపి వైరస్ అని భయపెట్టేవాళ్లూ ఉన్నారు. బాగున్న యంత్రంలోనూ అక్కడ ఎర్ర గుర్తులు ఉంటాయి. పిల్లలకు మేం చెప్పే నియమం: రన్‌లో మీకు తెలిసిన మాటను మీ వేళ్లతో కొట్టండి, ఎవరో ఇచ్చినదాన్ని అతికించొద్దు.

పొరపాటున ఎంటర్ నొక్కేసి ఉంటే వెంటనే నెట్ తీగ పీకి, వైఫై ఆపి, డిజిటల్ సంతకం టోకెన్ తీసేయండి. పాస్‌వర్డులు వేరే యంత్రం నుంచి మార్చండి. బ్యాంకుకు చెప్పండి, డబ్బు పోతే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. రన్ పెట్టె పక్క బాణం నొక్కితే పాత ఆదేశాలు కనిపిస్తాయి, వాటిని ఫోటో తీసి ఉంచండి. విండోస్ కొత్తగా వేయించేదాకా ఆ యంత్రంలో బ్యాంకు, జీఎస్టీ లాగిన్లు వాడొద్దు.

– కంప్యూటర్ సర్వీసు, శిక్షణ పనిలో ఉన్నవాళ్లం,
అమలాపురం