వసంతా, నీకో కాస్ట్యూమ్ తెచ్చాను

వసంతా,

నేను అమెరికాలో అమ్మాయి దగ్గర్నుంచి వచ్చి వారం దాటింది, ఫోన్లో రెండుసార్లు మాట్లాడుకున్నాం కూడా. అయినా కూర్చుని ఇంత ఉత్తరం ఎందుకు రాస్తున్నానంటే, నేను ఈత అనే మాట ఎత్తగానే నువ్వు "అది సరేగానీ మనవడు అన్నం తింటున్నాడా" అని మాట మార్చేస్తున్నావు. ఉత్తరంలో అలా కుదరదు. వాడు బాగానే తింటున్నాడు. టీ పెట్టుకుని, మోకాళ్ళ కింద దిండు పెట్టుకుని తీరిగ్గా చదువు.

జనవరిలో అమ్మాయి వాళ్ళు అయిదు రోజులు సెలవు పెట్టి పామ్ స్ప్రింగ్స్ అనే ఊరు తీసుకెళ్ళారు. లాస్ ఏంజెలెస్ నుంచి తూర్పుగా 170 కిలోమీటర్లు ఉంటుంది, కారులో రెండు గంటల పైన. ఊరు రాబోతుండగా కనుమలో వందల గాలిమరలు తిరుగుతుంటాయి, అవి దాటగానే ఇక అంతా ఎడారి. ఎడారి అంటే మనం అనుకునే ఇసుక దిబ్బలు కావు, రాళ్ళూ, ముళ్ళ తుప్పలూ, మధ్యలో వరసగా నాటిన ఖర్జూరం చెట్లు. ఏడాది మొత్తం కలిపితే 13 సెంటీమీటర్ల వాన కూడా పడదట. మన హైదరాబాద్‌లో ఒక్కోసారి ఒక్క రాత్రిలో అంత కురిసి కాలనీలు మునిగిపోతాయి, గుర్తుందిగా. 2024 జూలైలో ఆ ఊళ్ళో 51 డిగ్రీలు దాటింది. చలికాలంలో మాత్రం పగలు ఇరవై, ఇరవై రెండు డిగ్రీల ఎండ, హాయిగా ఉంటుంది. తలెత్తితే శాన్ జసింటో అనే కొండ, 3,300 మీటర్ల ఎత్తు, నెత్తిన మంచు. కింద నీళ్ళలో మనం, పైన మంచు. ఆ దృశ్యం ఫోటోలో రాలేదే, నాలుగుసార్లు తీశాను.

ఆ ఊరికి పేరు వచ్చిందే నీళ్ళ వల్ల. కౌయియా అనే ఆదివాసులు వేల ఏళ్ళుగా ఉంటున్న చోటు అది, ఊరి మధ్యలోనే వాళ్ళ వేడినీటి ఊట ఉంది. స్పానిష్ వాళ్ళు అగువా కాలియెంతే అన్నారు, వేడి నీళ్ళు అని అర్థం. ఇప్పటికీ ఆ తెగ పేరు అదే, ఆ ఊటా వాళ్ళదే. 2023లో దానిమీద పెద్ద స్నానశాల తెరిచారు. టికెట్టు చూసి బయటినుంచే దణ్ణం పెట్టుకుని వచ్చాం. పక్కనే డెజర్ట్ హాట్ స్ప్రింగ్స్ అని ఇంకో చిన్న ఊరుంది. దానికింద భూమిలో ఒక పగులు ఉందట, పగులుకు ఒకవైపు బోరు వేస్తే వేడి నీళ్ళు, రెండో వైపు వేస్తే చల్లటి నీళ్ళు. అల్లుడు చెబితే మొదట నమ్మలేదు, తర్వాత చదివాను, నిజమే.

సరే, పూల్ సంగతి. మేం అద్దెకు తీసుకున్న ఇంట్లోనే చిన్న పూల్ ఉంది. ఆ ఊళ్ళో ఇంటింటికీ ఉన్నట్టే అనిపిస్తుంది. ఫ్రాంక్ సినాట్రా అనే పాటగాడు 1947లో అక్కడ కట్టించుకున్న ఇంటి పూల్ పియానో ఆకారంలో ఉంటుంది, ఇప్పటికీ జనం చూడ్డానికి వస్తారు. మా ఇంటిది నాలుగు బారలు వేస్తే గోడ తగిలేంత. నాకేమో రోజుకు అరగంట ఆగకుండా ఈదకపోతే నడుము పట్టేస్తుంది కదా. అందుకని మర్నాడు పొద్దున్నే అమ్మాయి నన్ను ఊరి పూల్‌కి తీసుకెళ్ళింది. సన్‌రైజ్ పార్క్ అనే పార్కులో ఉంది, పామ్ స్ప్రింగ్స్ స్విమ్ సెంటర్ అంటారు. మునిసిపాలిటీదే, డబ్బు కట్టి ఎవరైనా వెళ్ళొచ్చు. 50 మీటర్ల పూల్, గోరువెచ్చటి నీళ్ళు, పక్కన పచ్చిక, ఎదురుగా ఆ కొండ. తలుపు దగ్గర బోర్డుమీద పెద్ద అక్షరాలతో, విరేచనాలు అవుతున్నవాళ్ళూ, గత 14 రోజుల్లో అయినవాళ్ళూ నీళ్ళలోకి దిగరాదు అని రాసి ఉంది. కాలిఫోర్నియాలో ప్రతి పబ్లిక్ పూల్‌లో అలా రాయాలన్నది రూలు. దిగేముందు సబ్బుతో స్నానం కూడా. పూల్ దగ్గర మనం "అబ్బ, క్లోరిన్ కంపు" అంటామే, అది క్లోరిన్ ఒక్కదాని వాసన కాదు. ఒంటిమీది చెమటా, కొందరు నీళ్ళలో వదిలేసే మూత్రమూ క్లోరిన్‌తో కలిస్తే పుట్టే వాసన. అందరూ కడుక్కుని దిగితే ఆ ఘాటు ఉండదు. అక్కడ నా కళ్ళు మండలేదు, అంతే చెప్తాను.

ఒక్క తప్పు చేశాను. మొదటిరోజు తువ్వాలు దూరంగా బెంచీమీద పెట్టి దిగాను. బయటికి రాగానే పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. ఎండ ఉంది, అయినా చలి! గాలిలో తడి లేదు కదా, ఒంటిమీది నీళ్ళు క్షణాల్లో ఆవిరైపోతూ ఒంట్లో వేడిని లాక్కుపోతాయి. ఎండాకాలంలో మన కుండలో నీళ్ళు చల్లబడేదీ అలాగే. రెండో రోజు నుంచి తువ్వాలు నిచ్చెన పక్కనే.

ఇంకోరోజు మనవడి కోసం పక్క ఊరు పామ్ డెజర్ట్‌లో 2011లో కట్టిన ఆక్వాటిక్ సెంటర్‌కి వెళ్ళాం. పిల్లలకు వేరే చిన్న కొలను, జారుడుబల్లలు, చిమ్ముతున్న నీళ్ళు, వాడు బయటికి రానని ఒకటే ఏడుపు. బాగుంది, కానీ నాకు సన్‌రైజ్ పార్కే నచ్చింది. ఎందుకో చెప్తాను, అసలు ఈ ఉత్తరం రాస్తున్నది దీనికోసమే.

మూడో రోజు పొద్దున ఒకావిడ వచ్చింది. ఎనభై దాటి ఉంటాయి. వాకర్ పట్టుకుని, ప్రతి అడుగుకీ ఆగి ఊపిరి తీసుకుంటూ నడుస్తోంది. గట్టుమీద ఒక ఇనుప చేయికి ప్లాస్టిక్ కుర్చీ బిగించి ఉంది. వాకర్ పక్కన పెట్టి, టోపీలోకి జుట్టు సర్దుకుని, అందులో కూర్చుంది. లైఫ్‌గార్డ్ కుర్రాడు బటన్ నొక్కితే కుర్చీ మెల్లగా తిరిగి నీళ్ళమీదికి వచ్చి కిందికి దిగింది. నడుము దాకా నీళ్ళు రాగానే ఆవిడ రెండు చేతులూ చాచి కుర్చీలోంచి జారింది, వెల్లకిలా తిరిగింది, ఈదుకుంటూ వెళ్ళిపోయింది. వసంతా, గట్టుమీద పదడుగులకు అయిదు నిమిషాలు పట్టిన మనిషి! చేతులు ఒకదాని తర్వాత ఒకటి ఎంత నెమ్మదిగా, ఎంత ముచ్చటగా లేస్తున్నాయో. నేను లేన్ తాడు పట్టుకుని అలాగే ఉండిపోయాను. తిరిగొచ్చేటప్పుడు నన్ను చూసి చెయ్యూపింది. నాకు నువ్వే గుర్తొచ్చావు. మొన్న వినాయక చవితికి మా ఇంటి మూడు మెట్లు ఎక్కలేక గోడ పట్టుకుని నిలబడ్డావే, అది.

ఆ కుర్చీ ఉండటం అక్కడ చట్టం. వికలాంగుల హక్కుల కోసం 1990లో వాళ్ళు చేసుకున్న చట్టం కింద, పబ్లిక్ పూల్ అన్నాక నడవలేనివాళ్ళు దిగడానికి అలాంటి లిఫ్టో, వాలుదారో ఉండాలి, పెద్ద పూల్ అయితే రెండు దారులు ఉండాలి. నేను ఇక్కడ ఈత నేర్చుకున్న పూల్‌లో నిటారు ఇనుప నిచ్చెన ఒక్కటే, దాని కింది మెట్టు ఊడి రెండేళ్ళయినా ఎవరూ బిగించలేదు. మోటారు చెడిందని, నీళ్ళు మారుస్తున్నామని ముందు ఆపేది కూడా లేడీస్ బ్యాచ్‌నే. దీనిమీద మేం అయిదుగురం కలిసి అర్జీ రాస్తున్నాం, నీ సంతకం కూడా కావాలి.

ఆ ఊరు మొదటినుంచీ అందరికీ చోటిచ్చిందనుకోకు. నడిబొడ్డున సెక్షన్ 14 అని ఒక చదరపు మైలు స్థలం ఉంది, ఆదివాసులది. హోటళ్ళలో, ఇళ్ళలో పనిచేసే నల్లవాళ్ళూ మెక్సికన్లూ అందులో ఇళ్ళు వేసుకుని ఉండేవాళ్ళు. 1950, 60లలో వాళ్ళను వెళ్ళగొట్టి ఆ ఇళ్ళు కూల్చారు, తగలబెట్టారు. 2024 నవంబరులో నగర పాలకమండలి 59 లక్షల డాలర్ల పరిహారానికి ఒప్పుకుంది. ఇది తెలిశాక ఆ పూల్‌లో అన్ని రంగుల పిల్లలూ ఒకే నీళ్ళలో దూకుతుంటే ఇంకోలా చూశాను. మన దిగుడు బావుల్లోనూ ఎవరు దిగాలో, ఎవరు పైనే నిలబడాలో లెక్కలుండేవి కదా. మా నానమ్మ చెప్పేది.

ఇప్పుడు నీ మోకాళ్ళు. ఛాతీ దాకా నీళ్ళలో నిలబడితే మన బరువులో మూడో వంతుకు అటూ ఇటూగా మాత్రమే కాళ్ళమీద పడుతుంది, మిగతాది నీళ్ళే మోస్తాయి. నడుము దాకా అయితే సగం. నువ్వు 72 కిలోలు అనుకో, మోకాళ్ళకు మాత్రం పాతిక కిలోల పిల్ల బరువే. ఈత రాకపోయినా పరవాలేదు, అక్కడ సగం మంది పెద్దాళ్ళు ఊరికే అటూ ఇటూ నడుస్తున్నారు. డాక్టరమ్మ నీకు చెప్పిందీ ఇదే, నువ్వే "చూద్దాంలెండి" అని లేచి వచ్చేశావు.

అసలు నీ భయం ఒళ్ళు కనబడుతుందని. నాకు తెలుసు, నలభై ఆరేళ్ళప్పుడు నేనూ మొదటిరోజు తువ్వాలు చుట్టుకుని నిచ్చెన దాకా వెళ్ళాను. ఆ ఊళ్ళో ఆపరేషన్ గీతలున్న పొట్టలు, నరాలు తేలిన పిక్కలు, ముడతలు పడ్డ చేతులు, అన్నీ ఎండలో హాయిగా నడుస్తుంటే, ఎవరూ ఎవరినీ చూడరు. వాళ్ళ చూపంతా లేన్‌మీదే ఉంటుంది. మన లేడీస్ బ్యాచ్‌లోనూ అంతే, నమ్ము. మొదటి పది నిమిషాలే టెన్షన్, నీళ్ళలో దిగాక మెడ పైన తప్ప ఏం కనబడుతుంది?

అందుకే నీకో కాస్ట్యూమ్ తెచ్చాను. నిండు చేతులు, మోకాలి దాకా కాళ్ళు, ముదురు నీలం, ముందు జిప్పు. అమ్మాయి చూసి "వసంత ఆంటీకి సరిపోతుంది" అంది, నేనూ ఒంటికి పెట్టి చూసుకున్నాను. గచ్చిబౌలి స్టేడియంలో 2002 జాతీయ క్రీడల కోసం కట్టిన పూల్ పెద్దదేగానీ మనకి రోజూ అంతదూరం కుదరదు. మా నల్లకుంట నుంచి ఆటోలో పది నిమిషాల్లో చేరే పాతదానికే వెళ్దాం. లోతు తక్కువ వైపు నడుం దాకానే ఉంటుంది. ఆ నిచ్చెన దగ్గర కింద నేను నిలబడతాను, పైన కోచ్‌ని నిలబెడతాను, ఊడిన మెట్టు దగ్గర నీ పాదం నా చేతిలో పెట్టి దిగు.

టోపీ మాత్రం ఇక్కడే కొనాలి, నీ జుట్టుకు మామూలు సైజు ఆగదు. ఆదివారం సాయంత్రం కోఠి వస్తావా? మన ఉమెన్స్ కాలేజీ గేటు దగ్గర అయిదింటికి ఉంటాను, కొన్నాక ఉస్మానియా బిస్కెట్లు తిని ఇంటికెళ్దాం. బ్యాచ్ సోమవారం పొద్దున ఆరున్నరకి మొదలు. ఆధార్ జిరాక్స్, రెండు ఫోటోలు తెచ్చుకో. గోళ్ళు కత్తిరించుకో, రాత్రి తలకి నూనె పెట్టుకోకు.

నీ
లక్ష్మి