రెండు పిన్నుల సాకెట్‌కు వైరింగ్ మొత్తం మార్చమంటారా?

విజయవాడ

కస్టమర్ కేర్ విభాగం అధికారి గారికి,

విషయం: నా 2016 మోడల్ లారీలో ఏబీఎస్ బ్రేకులకు చక్రం వేగం చెప్పే సెన్సర్ కనెక్టర్ పాడైతే, మీ సర్వీస్ సెంటర్ వాళ్లు బాగున్న సెన్సర్‌ను మార్చి బిల్లు వేయడం, కనెక్టర్ విడిగా అమ్మకపోవడం గురించి.

అయ్యా,

నాకున్నది ఒక్కటే లారీ, నేనే నడుపుకుంటాను. గుంటూరు నుంచి చెన్నైకి మిర్చి వేసుకెళ్తాను, వచ్చేటప్పుడు ఏ సరుకు దొరికితే అది. పోయిన వానాకాలంలో మీటర్‌లో ఏబీఎస్ లైటు వెలగడం మొదలైంది. మొదట్లో గతుకుల్లో వెలిగి ఆరిపోయేది, తరవాత ఆరడం మానేసింది. బ్రేకులు పడుతున్నాయి, నిజమే. కానీ తడి రోడ్డు మీద లోడుతో ఉన్నప్పుడు గట్టిగా తొక్కితే చక్రాలు పట్టేయకుండా కాపాడేది ఆ ఏబీఎస్సే కదా. దానికి తోడు ఫిట్‌నెస్ గడువు దగ్గర పడిందన్న టెన్షన్.

మీ సర్వీస్ సెంటర్‌లో కంప్యూటర్ పెట్టి చూశారు. క్లీనర్ సైడు వెనక చక్రం సెన్సర్ సిగ్నల్ రావడం లేదన్నారు. సెన్సర్ మార్చి, 4,200 రూపాయలు సామానుకు, 1,500 కూలికి తీసుకున్నారు. లైటు ఆరింది. రెండో ట్రిప్పులో నెల్లూరు దాటకముందే మళ్లీ వెలిగింది. తిరిగి తీసుకెళ్తే ఈసారి ఛాసిస్ వైరింగ్ మొత్తం మార్చాలన్నారు. 38,000 అవుతుంది, తెప్పించడానికి పది రోజులు పడుతుందట. ఎందుకని అడిగితే, ‘పాత బండి కదండీ, అలాగే ఉంటాయి’ అన్నారు.

ఆటోనగర్‌లో నాకు తెలిసిన ఎలక్ట్రీషియన్ దగ్గరికి పోయాను. ఆయన చక్రం దగ్గర కనెక్టర్ ఊడదీసి నా చేతిలో పెట్టాడు. వైరింగ్ వైపు సాకెట్ లాక్ విరిగిపోయింది, లోపలి రబ్బరు సీలు లేదు, పిన్నుల మీద పచ్చగా చిలుము. మీరు మార్చిన పాత సెన్సర్‌ను నేను పారేయలేదు. దానికి మల్టీమీటర్ పెడితే 1,200 ఓమ్‌ల దాకా చూపించింది. కొత్తదీ దాదాపు అంతే, అంటే పాతదీ బాగున్నదే. జాకీ ఎత్తి చక్రాన్ని చేత్తో తిప్పితే కొత్త సెన్సర్ నుంచి వోల్టేజీ కూడా వస్తోంది. అదే మీటరు క్యాబిన్‌లో ఏబీఎస్ యూనిట్ దగ్గర వైర్లకు పెడితే ఏమీ లేదు. కింద సాకెట్‌ను కదిలిస్తే రీడింగ్ వస్తోంది, పోతోంది. జబ్బు ఎక్కడుందో అది చూశాక చిన్నపిల్లాడైనా చెబుతాడు. మీ వాళ్లు ఆ కనెక్టర్‌ను సరిగ్గా చూసి ఉంటే నా 5,700 మిగిలేవి. సెన్సర్ మార్చాలంటే ఆ కనెక్టర్ ఊడదీయక తప్పదు, అంటే చిలుము కంటబడే ఉండాలి. నాకు మింగుడు పడనిది ఇదే.

ఆ సాకెట్ ఒక్కటీ కొందామని మీ స్పేర్ పార్టుల కౌంటర్‌కు వెళ్తే, విడిగా రాదు, వైరింగ్‌తోనే వస్తుందన్నారు. వేరే రకం సీలు కనెక్టర్ వేయాలంటే కొత్త సెన్సర్ ప్లగ్ కూడా కోయాలి, కోస్తే దాని వారంటీ పోతుంది. చివరికి తుక్కుకు విప్పిన ఇదే మోడల్ బండి నుంచి, జానెడు వైరుతో సహా, ఎలక్ట్రీషియనే సాకెట్ కోసి తెచ్చాడు. నా బండి వైరు రెండంగుళాల లోపలి దాకా నల్లబడి ఉంది. మెరిసే రాగి కనిపించేదాకా కోసి, రెండు అతుకులూ ఒకేచోట పడకుండా ఎడంగా సోల్డర్ చేసి, జిగురున్న ష్రింక్ ట్యూబు తొడిగాడు. వైర్లను ముందున్నట్టే మెలివేశాడు, లేకపోతే పక్క వైర్ల కరెంటు ఈ చిన్న సిగ్నల్‌ను చెడగొడుతుందట. గంటన్నర పని, 900 రూపాయలు. మూడు నెలలైంది, మధ్యలో తుఫాను వానలు కూడా పడ్డాయి. లైటు మళ్లీ వెలగలేదు.

అయినా బ్రేకుల సిగ్నల్ తుక్కు బండి ముక్క మీద ఆధారపడటం నాకు ఇష్టం లేదు. ఆ కనెక్టర్ బురద, నీళ్లు నేరుగా కొట్టే చోట ఉంది, ఎన్నటికైనా పాడయ్యేదే. వాటర్ సర్వీసింగ్‌లో దాని మీద ప్రెషర్ పంపు పెట్టేది కూడా ఎక్కువగా మీ సెంటర్ వాళ్లే.

కాబట్టి అవసరం లేకుండా మార్చిన సెన్సర్‌కు తీసుకున్న 5,700 రూపాయలు నాకు తిరిగి ఇప్పించండి. పాత మోడళ్లకు ఆ సాకెట్‌ను కొంత వైరుతో కలిపి విడిగా అమ్మండి, వస్తే మొదట కొనేది నేనే. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి, తరవాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. బతుకుతెరువు కోసం సొంతంగా బండి నడుపుకునేవాడు కూడా చట్టం ప్రకారం వినియోగదారుడే.

బిల్లు నకలు, సాకెట్ ఫోటోలు జతచేశాను. పాత సెన్సర్, విరిగిన సాకెట్ రెండూ నా టూల్ బాక్సులో ఉన్నాయి. మీ మనిషిని పంపితే మీటరు పెట్టి చూపిస్తాను.

ఇట్లు,
లారీ యజమాని, డ్రైవరు