హవాయి అర డాలరు విషయంలో నా తప్పు, ఇకనుంచి మన షాపులో మార్పులు

అందరికీ నమస్కారం.

ఈ నెల కొత్త స్టాకు సంగతి తర్వాత, ముందు ఒక విషయం మీ అందరికీ తెలియాలి. కిందటేడు నేను అమ్మిన 1928 హవాయి అర డాలరు ఒకటి నకిలీ అని తేలింది. కొన్నది మెల్‌బోర్న్‌లో ఉండే మన పాత కస్టమరు. ఆయన దాన్ని సర్టిఫికేషన్‌కి, అంటే అసలుదో కాదో నిపుణులు తేల్చే పరీక్షకి, పంపిస్తే అసలుది కాదని తిప్పి పంపారు. ఫోన్ చేసినప్పుడు కోపంగా కూడా మాట్లాడలేదు. "మీరే ఒకసారి చూడండన్నా" అన్నారు, అంతే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నాణెం ధర, సర్టిఫికేషన్ ఫీజు, పోస్టేజీ మొత్తం మర్నాడు పొద్దున్నే ఆయన ఖాతాలో వేశాను.

మన సిడ్నీ షాపుకి కొత్తగా వచ్చినవాళ్ల కోసం ఒక మాట. మన దగ్గర ఎక్కువగా దొరికేవి బ్రిటిష్ నావికుడు కెప్టెన్ జేమ్స్ కుక్ పేరు మీద వచ్చిన నాణేలు, పతకాలు. వాటిలో ఈ అర డాలరు అంటే కలెక్టర్లకి ప్రాణం. కుక్ 1778 జనవరిలో హవాయి దీవులకి చేరాడు. ఆ సంగతికి 150 ఏళ్లు నిండిన సందర్భంగా అమెరికా ఈ వెండి నాణెం తెచ్చింది. ఫిలడెల్ఫియా టంకశాలలో తయారైనవి 10,008 మాత్రమే. ఆ 8 పరీక్షల కోసం తీసినవి. అర డాలరు నాణేన్ని 2 డాలర్లకి అమ్మారు, అప్పటిదాకా ఏ అమెరికన్ స్మారక అర డాలరుకీ అంత ధర పెట్టలేదు. బొమ్మ వైపు కుక్ ముఖం. బొరుసు వైపు కొండ మీద నిలబడి చెయ్యి చాచిన హవాయి నాయకుడు, దూరంగా డైమండ్ హెడ్ కొండ. ఆ బొమ్మలు గీసింది హొనొలులు చిత్రకారిణి జూలియెట్ మే ఫ్రేజర్. నాకైతే కుక్ కంటే బొరుసు మీద ఉన్న ఆ నాయకుడే ఎక్కువ ఇష్టం.

ఉన్నవి తక్కువ, ధర వెయ్యి డాలర్ల పైన. నకిలీలు రావడానికి అంతకంటే ఏం కావాలి? ఈ సంగతి నాకు ముందే తెలుసు. అయినా తప్పు జరిగింది. తూకం వేశాను, 12.5 గ్రాములు సరిగ్గా వచ్చింది. వ్యాసం సరిపోయింది. వెండే. అక్కడితో ఆగిపోయాను. మంచి నకిలీని కూడా వెండితోనే, సరైన తూకంతోనే చేస్తారు. తిరిగొచ్చాక అసలు నాణెం పక్కన పెట్టి లూపుతో (చిన్న భూతద్దం) చూస్తే తేడా తెలిసింది: అక్షరాల అంచులు కరిగినట్టు మెత్తగా ఉన్నాయి, ఖాళీగా ఉండాల్సిన చోట సన్నటి బొడిపెలు ఉన్నాయి. ఒక పాత కలెక్షన్ మొత్తంగా కొన్నప్పుడు అందులో వచ్చిన నాణెం అది. మిగతావన్నీ మంచివి కావడంతో దీన్నీ నమ్మేశాను.

ఇప్పటివరకు మన దగ్గర ఈ అర డాలర్లు మూడే అమ్ముడయ్యాయి. మిగతా ఇద్దరికీ నేనే ఫోన్ చేశాను. ఒకటి సర్టిఫికేట్‌తో అమ్మినదే, దాని గురించి టెన్షన్ అక్కర్లేదు. రెండోదాన్ని నా ఖర్చుతో పరీక్షకి పంపాం. ఇకమీదట సర్టిఫికేట్ లేని హవాయి అర డాలరు మన షాపులో అమ్మను. దానివల్ల ధర కొంచెం పెరుగుతుంది, స్టాకు తగ్గుతుంది. అయినా ఇదే పద్ధతి.

ఈ గొడవ తర్వాత కూర్చుని, మనం అమ్మే నాణేల గురించి రాసిన పాత వివరాలన్నీ మళ్లీ చదివాను. ఇంకో తప్పు దొరికింది. ఆస్ట్రేలియా 1970 కుక్ 50 సెంట్ల నాణేన్ని ఒకచోట "వెండి" అని రాశాం. కాదు, అది రాగి, నికెల్ కలిపినది. వెండి ఉన్నది 1966 నాటి గుండ్రటి 50 సెంట్లలో, 80 శాతం. కుక్ నాణేనికి పన్నెండు అంచులు, కోటీ అరవై అయిదు లక్షలు వచ్చాయి. మీ ఇంటి చిల్లర డబ్బాలో కూడా ఉండొచ్చు, ముందు పిల్లల చేత అక్కడ వెతికించండి. వెండి అనుకుని కొన్నవాళ్లు చెప్పండి, డబ్బు తిరిగి ఇస్తాను.

కంచు పతకం బుక్ చేసుకున్న అక్కయ్యగారికి ప్రత్యేకంగా క్షమాపణ. కుక్ ఆస్ట్రేలియా తూర్పు తీరం చేరి 200 ఏళ్లు నిండిన సందర్భంగా 1970లో వచ్చిన పతకం అది. గుంటూరు నుంచి వచ్చిన మా అమ్మ, నల్లబడిందని, పూజసామానుతో పాటు చింతపండు పెట్టి తళతళా తోమింది. ప్రేమతో చేసిన పనే, చెప్పకుండా బయట పెట్టింది నేను. యాభై ఏళ్లుగా పట్టిన ఆ ముదురు రంగే కలెక్టర్లు చూసేది. ఒకసారి పోతే మళ్లీ రాదు. అడ్వాన్సు వెనక్కి పంపాను. మీరెవరూ నాణేలని చింతపండుతో గానీ పొడులతో గానీ తోమకండి.

చాలామంది రిజల్యూషన్, అడ్వెంచర్ అనే కుక్ ఓడల పేరు మీద ఉన్న పతకం తెప్పించమని అడుగుతున్నారు. కుక్ రెండో యాత్రలో దీవుల వాళ్లకి ఇవ్వడానికి, మొక్కల శాస్త్రవేత్త జోసెఫ్ బ్యాంక్స్ చేయించినది. బర్మింగ్‌హామ్‌లో మాథ్యూ బౌల్టన్ తయారుచేశాడు. ఒకవైపు మూడో జార్జి రాజు, ఇంకోవైపు రెండు ఓడలు. ఓడలు 1772 మార్చిలో బయల్దేరాయని దాని మీద ఉంటుంది. నిజానికి ప్లిమత్ వదిలింది జులైలో. బ్యాంక్స్ తన కోసం ఓడ మీద కట్టించిన గదుల వల్ల పైబరువు ఎక్కువై, వాటిని తీసేయాల్సి వచ్చింది. బ్యాంక్స్ అలిగి యాత్రకే వెళ్లలేదు, పతకాలు మాత్రం వెళ్లాయి. కొన్ని తర్వాత న్యూజిలాండ్ మట్టిలో దొరికాయి. కిందటి నెల నాకు ఒకటి ఇస్తామన్నారు. ఎక్కడ దొరికింది, ఎవరి చేతులు మారింది అంటే జవాబు లేదు. వదిలేశాను.

ఒక కస్టమరు అడిగినదీ నిజమే: మనుషులున్న దీవుల్ని ఒకరు "కనుగొనడం" ఏమిటి? ఆ అర డాలరు మీద "డిస్కవరర్ ఆఫ్ హవాయి" అని ఉంటుంది, దాన్ని నేను మార్చలేను. మన వివరాల్లో మాత్రం "1778లో హవాయి చేరాడు" అని మార్చాను. 1779 ఫిబ్రవరి 14న ఆయన ప్రాణం పోయింది కూడా ఆ దీవుల్లోనే, అక్కడి వాళ్లతో జరిగిన గొడవలో.

ఆ నకిలీ నాణేన్ని అమ్మను, పారెయ్యను. అసలుదాని పక్కనే కౌంటర్ మీద పెట్టాను, లూపు కూడా అక్కడే ఉంది. శనివారం వచ్చేవాళ్లు రెండూ చేతిలోకి తీసుకుని చూడండి. మీ దగ్గరున్నవీ తీసుకురండి, ఎక్కడ కొన్నవైనా సరే, కూర్చుని కలిసి చూద్దాం.