ఆజ్ఞకు ముందు 'చట్టబద్ధమైన' అనే మాట ఉంది

సంపాదకులు గారికి, నమస్కారములు.

మా మండల కేంద్రంలో కాలువ వంతెన పక్కన నెల రోజులుగా ఒక ఫ్లెక్సీ వేలాడుతోంది. సైన్యంలో చేరాలనుకునే కుర్రాళ్లకు శిక్షణ ఇచ్చే ఒక ప్రైవేటు కేంద్రం వారు దాన్ని కట్టించారు. ముఖానికి మసి పూసుకున్న సైనికుడి బొమ్మ, దాని కింద 'స్పెషల్ కమాండో బ్యాచ్‌లో చేరండి' అనే పిలుపు, అడుగున ఎర్రటి అక్షరాల్లో 'ప్రశ్నించకు, పాటించు' అనే నినాదం. సుబేదారుగా రిటైరైన నాకు ఆ పిలుపు మీదా, ఆ నినాదం మీదా అభ్యంతరం ఉంది. ఫ్లెక్సీ కట్టినవారికి చెప్పి చూశాను, నవ్వి ఊరుకున్నారు. వాళ్ల దగ్గరికి వెళ్లే పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు మీ పత్రిక చదువుతారు కనుక మీకు రాస్తున్నాను.

ముందు ఆ 'కమాండో బ్యాచ్' సంగతి. ఫీజు కట్టి చేరితే కమాండోను చేసే బ్యాచ్ ఈ దేశంలో ఎక్కడా లేదు. సైన్యంలోని కమాండో దళమైన పారా స్పెషల్ ఫోర్సెస్‌లోకి వెళ్లాలంటే సైనికుడై ఉండి, స్వచ్ఛందంగా ముందుకొచ్చి, నెలల తరబడి సాగే ప్రొబేషన్ అనే పరీక్షా కాలాన్ని తట్టుకోవాలి. అందులో ఎక్కువమంది వెనక్కే వస్తారు, అదేమీ పరువు తక్కువ కాదు. నౌకాదళంలోని మార్కోస్‌కూ, వాయుసేనలోని గరుడ్‌కూ దారులు వేరు. జాతీయ భద్రతా దళమైన ఎన్ఎస్‌జీకి సైన్యం నుంచీ పోలీసు బలగాల నుంచీ డిప్యుటేషన్ మీద వెళతారు. మనవాళ్లకు బాగా తెలిసిన గ్రేహౌండ్స్ అసలు సైన్యమే కాదు, 1989లో పోలీసు శాఖలో ఏర్పాటైన దళం. ఇక ప్రతి పదాతి బెటాలియన్‌కూ సొంతంగా ఒక ఘాతక్ ప్లాటూన్ ఉంటుంది. శత్రువు జాడ కనిపెట్టడానికీ, మెరుపుదాడి చేయడానికీ బెటాలియన్ కంటే ముందు కదిలేది అదే. మద్రాస్ రెజిమెంటులో చేరిన కోనసీమ కుర్రవాడికి ఆ ప్లాటూన్ తన బ్యారక్ పక్కనే ఉంటుంది. అందులోకి తీసుకునేది బెటాలియన్‌లో అతని పనితనం చూసిన అధికారులే తప్ప వంతెన పక్కన ఇచ్చిన సర్టిఫికెట్ చూసి కాదు.

నన్ను అంతకంటే ఎక్కువ కలవరపెట్టింది ఆ నినాదం. 1950 నాటి సైనిక చట్టంలో పై అధికారి ఆజ్ఞను ధిక్కరించడమనే నేరం 41వ సెక్షన్‌లో ఉంది. శిక్ష 14 ఏళ్ల జైలు దాకా వెళుతుంది, కాబట్టి సైన్యం క్రమశిక్షణను తేలిగ్గా తీసుకుంటుందని ఎవరూ అనుకోనక్కర్లేదు. అయితే ఆ సెక్షన్ ఉత్త 'ఆజ్ఞ' అని ఆగలేదు, 'చట్టబద్ధమైన ఆజ్ఞ' అంది. అదీ అధికారి తన విధి నిర్వహణలో భాగంగా ఇచ్చినదై ఉండాలంది. వానలో రాత్రంతా కాపలా నిలబడమనడం ఎంత కష్టమైనా చట్టబద్ధమే, జవాను నోరు మెదపకుండా నిలబడవలసిందే. నిరాయుధుడై చేతికి చిక్కినవాణ్ణి కాల్చమనడం ఎంత పెద్ద ర్యాంకు నోటి నుంచి వచ్చినా చట్టబద్ధం కాదు. కింది ర్యాంకువాణ్ణి కొట్టినా, హింసించినా ఏడేళ్ల దాకా జైలు అని అదే చట్టం 47వ సెక్షన్‌లో చెబుతోంది. అధికారి తనకు అన్యాయం చేశాడనుకున్న జవాను ఎవరికి మొరపెట్టుకోవాలో 26వ సెక్షన్‌లో ఉంది. 'ప్రశ్నించకు' అని ఫ్లెక్సీ వేసినవారు ఈ మూడింటిలో ఒక్కదాన్నైనా చదివినట్టు లేరు.

ర్యాంకు అంటే ఏమిటో కూడా మన ఊళ్లలో సరిగా తెలియదు. నాయక్‌ను 'ఆర్మీ ఆఫీసర్' అని రాసిన వార్తలు మీ పత్రికలోనే చూశాను, ఏమీ అనుకోవద్దు. సిపాయి, లాన్స్ నాయక్, నాయక్, హవల్దార్ ఒక మెట్టు వరుస. నాయబ్ సుబేదార్, సుబేదార్, సుబేదార్ మేజర్ జూనియర్ కమిషన్డ్ అధికారులు. లెఫ్టినెంట్ నుంచి పైకి కమిషన్డ్ అధికారులు. యాభైకి దగ్గరపడిన సుబేదారు ఇరవై రెండేళ్ల లెఫ్టినెంటుకు సెల్యూట్ చేస్తాడు, ఆ లెఫ్టినెంటు ఆయన్ను 'సాబ్' అని పిలుస్తాడు. ఆ సెల్యూట్ భుజం మీది నక్షత్రాలకు, ఆ 'సాబ్' ఆయన అనుభవానికి. రెండూ కలిస్తేనే దళం నడుస్తుంది. వరద గోదాట్లో లాంచీ మీద సరంగు మాటే చెల్లుతుంది, ఎక్కినవాడు వందెకరాల ఆసామీ అయినా సరే. సరంగుకు ఆ అధికారం వచ్చింది లాంచీని ఒడ్డు చేర్చడానికే అన్న సంగతి మన లంక గ్రామాల వారికి నేను చెప్పాలా?

ఇప్పుడు ఆ బొమ్మలోని సైనికుడి పనికి వస్తాను. మన పత్రికల్లో 'రెక్కీ' అనే మాట ఎక్కువగా దొంగతనాల వార్తల్లోనే కనిపిస్తుంది: పగలు రెక్కీ చేశారు, రాత్రి దోచుకున్నారు అని. సైన్యంలో రెక్కీ అంటే శత్రువు కంట పడకుండా శత్రువును చూసి, చూసింది చూసినట్టు వెనక్కి చేరవేయడం. అలాంటి గస్తీ దళానికి తరచూ ఒక హవల్దారో, నాయకో నాయకత్వం వహిస్తాడు. సలహా అడగడానికి పై అధికారి పక్కన ఉండడు, కొన్నిసార్లు వైర్‌లెస్ కూడా వాడరాదు. దాడి పథకం గీసుకుని కూర్చున్న అధికారితో 'సాబ్, మీరనుకున్న దారిలో మందుపాతరలున్నాయి' అని చెప్పలేని సైనికుడు ఆ పనికి పనికిరాడు. చూపు మీద బతికే ఉద్యోగానికి వెళ్లే పిల్లలకు కళ్లు మూసుకోవడం నేర్పి పంపుతామంటే ఎలా?

1968 మార్చి 16న వియత్నాంలోని మైలాయ్ గ్రామంలో అమెరికా సైనికులు వందల మంది నిరాయుధులను, ఆడవాళ్లనూ పసిపిల్లలనూ కాల్చిచంపారు. ఆ రోజు పైన స్కౌట్ హెలికాప్టర్ నడుపుతూ పరిస్థితిని గమనించే పని మీద ఉన్నవాడు హ్యూ థాంప్సన్ అనే వారంట్ అధికారి. కింద ఉన్న లెఫ్టినెంట్ ర్యాంకులో అతని కంటే పెద్దవాడు. అయినా థాంప్సన్ గ్రామస్థులకూ సైనికులకూ మధ్య హెలికాప్టర్ దించాడు. గ్రామస్థుల మీద కాల్పులు జరిపితే తమవాళ్ల మీదైనా తిరిగి కాల్చమని తన సిబ్బందితో చెప్పి, కొందరిని కాపాడి, చూసినదంతా పైకి నివేదించాడు. ఆ కాల్పులు జరిపించిన లెఫ్టినెంట్ విలియం కాలీ తాను ఆజ్ఞలే పాటించానని విచారణలో వాదించాడు. 1971లో సైనిక న్యాయస్థానం ఆ వాదనను ఒప్పుకోక యావజ్జీవ శిక్ష వేసింది. ఆ శిక్షను తరువాత బాగా తగ్గించేసిన మాటా నిజమే. థాంప్సన్‌కు 'సోల్జర్స్ మెడల్' అనే పతకం ఇవ్వడానికి మాత్రం 1998 దాకా పట్టింది. రెక్కీ సైనికుడి కళ్లు దేనికో నాకు తెలిసి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

అంతదూరం వద్దనుకుంటే 1930 ఏప్రిల్‌లో పెషావర్‌లో నిరాయుధ జనం మీద కాల్పులకు నిరాకరించిన గఢ్వాల్ రైఫిల్స్ జవాన్లు ఉన్నారు. వారిని ముందుండి నడిపిన చంద్రసింగ్ గఢ్వాలీ హవల్దారు ర్యాంకువాడు. బ్రిటిషు వాళ్లు ఆయనకు యావజ్జీవ శిక్ష వేశారు, ఏళ్ల తరబడి జైల్లో ఉన్నాడు. నిరాకరణ చవకగా దొరికే వస్తువు కాదు, అది కూడా పిల్లలకు తెలియాలి. నచ్చని ప్రతి ఆజ్ఞనూ కాదనవచ్చని నేను అనడం లేదు. అలా అన్నవాడు నా ప్లాటూన్‌లో ఉంటే నేనే ముందు చార్జి రాసేవాణ్ణి.

చివరిగా మరో మాట. ఆ కేంద్రంలో పరుగు నేర్పే వ్యక్తి భుజాన నక్షత్రాలతో మచ్చల యూనిఫాం వేసుకుని తిరుగుతాడు, పిల్లలు ఆయన్ను 'మేజర్ సార్' అంటారు. ఆయన ఏ సైనిక దళంలోనూ మేజర్‌గా పనిచేయలేదని నాతో తానే ఒప్పుకున్నాడు. సైనికుడినని నమ్మించడానికి సైనికుడి దుస్తులు వేసుకోవడం పాత శిక్షాస్మృతిలోనూ నేరమే, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలోనూ నేరమే. ఆలస్యంగా వచ్చిన కుర్రాణ్ణి ఆ 'మేజర్' మిగతా పిల్లల చేత బెల్టుతో కొట్టించడం నేను కాలువ గట్టు మీద కళ్లారా చూశాను. ఎందుకు కొట్టావని ఒక పిల్లవాణ్ణి అడిగితే 'ఆర్డర్ అండీ' అన్నాడు. పదిహేడేళ్లు కూడా నిండినట్టు లేవు.

తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరానికి 'మిలిటరీ మాధవరం' అన్న పేరు రెండు ప్రపంచ యుద్ధాలకు మనుషులను పంపి సంపాదించుకున్నది. అలాంటి జిల్లాలో సైన్యమంటే ఇదేనని పిల్లలు అనుకోవడం నాకు మింగుడుపడటం లేదు. మీ యువత పేజీలో అగ్నివీర్ ప్రకటన పడిన ప్రతిసారీ పరుగు దూరాలు, ఎత్తు కొలతలు వేస్తున్నారు. దాని పక్కనే 26, 41, 47 సెక్షన్లు తేలిక తెలుగులో ఒక పెట్టె కట్టి వేయండి. శిక్షణ కేంద్రాల్లో యూనిఫాం ఎవరు వేస్తున్నారో విచారించమని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి నేను విడిగా అర్జీ పెట్టుకున్నాను. ఆ పెట్టెలోకి కావలసిన వివరాలు రాసివ్వడానికీ, ఆదివారం పొద్దున్నే గట్టు మీదికి వచ్చి పిల్లలతో మాట్లాడటానికీ నేను సిద్ధంగా ఉన్నాను, పైసా అక్కర్లేదు.

ఇట్లు,
ఒక మాజీ సుబేదారు,
పశ్చిమ గోదావరి జిల్లా