ల్యాండింగ్‌లో అదుపు ఎలా తప్పుతుందో కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

చిన్న విమానం ల్యాండింగ్‌లో కూలితే పేపర్లలో "అదుపు తప్పింది" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తున్నారు, అసలు ఎలా తప్పుతుందో కూడా రాస్తే ఫ్లయింగ్ నేర్చుకునే పిల్లలకి చాలా ఉపయోగం అండీ.

రన్‌వే అందేలా లేదు అనిపించగానే చెయ్యి దానంతటదే కంట్రోల్‌ని వెనక్కి లాగేస్తుంది, కానీ పవర్ పెంచకుండా ముక్కెత్తితే స్పీడ్ పడిపోతుంది, డ్రాగ్ (గాలి అడ్డు) పెరుగుతుంది, విమానం ఇంకా ముందే దిగిపోతుంది, అప్పుడు కూడా లాగుతూనే ఉంటే స్టాల్ (రెక్కలు విమానాన్ని మోయలేకపోవడం), కోలుకోడానికి ఎత్తు ఉండదు. అందుకే చాలామంది ఇన్‌స్ట్రక్టర్లు ముక్కుతో స్పీడ్, పవర్‌తో దిగే వేగం చూసుకోమంటారు (ఒకటి మారిస్తే రెండోది కూడా మారుతుంది, రెండూ కలిపే వాడాలి).

ఫైనల్లో (రన్‌వేకి సూటిగా దిగే చివరి దశలో) స్పీడ్ మామూలుగా స్టాల్ స్పీడుకి 1.3 రెట్లు. భయపడి ఎక్కువ పెట్టుకున్నా ఇబ్బందే, 10 శాతం పెరిగితే ల్యాండింగ్ దూరం దాదాపు 21 శాతం పెరుగుతుంది. 3 డిగ్రీల వాలులో దిగే వేగం లెక్క సులువు, గ్రౌండ్ స్పీడ్ (నేలని బట్టి చూసే వేగం) నాట్లని 5తో గుణించాలి, 65 నాట్లకి నిమిషానికి సుమారు 325 అడుగులు. రన్‌వే పక్కన పాపి లైట్లుంటే (దిగే వాలు సరిగ్గా ఉందో లేదో చూపించేవి) రెండు తెలుపు రెండు ఎరుపు కనబడాలి, నాలుగూ ఎరుపైతే బాగా కిందున్నట్టు.

ఇవి కుదరకపోతే ఫుల్ పవర్ ఇచ్చి పైకెళ్ళి మళ్ళీ రావాలి, గో అరౌండ్ అంటారు, అది మామూలు పద్ధతే, దాన్ని దయచేసి "ల్యాండింగ్ ఫెయిల్" అని రాయకండి.

ఇట్లు,
మీ పాఠకుడు